చేతికి రొక్కం కావాలంటే నూటికి రెండు: యార్డులో దళిత కౌలు రైతు లెక్క

బిజినెస్ పేజీల్లో 'స్పాట్ మార్కెట్' అనే మాట తరచూ కనిపిస్తుంది. సరుకు ఇప్పుడే ఇవ్వాలి, డబ్బు ఇప్పుడే తీసుకోవాలి. రేపటి ధర మీద పందెం కాసే ఫ్యూచర్స్ బేరం కాదు, ఆరు నెలల తర్వాత ఇస్తానని రాసుకునే ఒప్పందం కాదు. ఆ చేత్తో సరుకు, ఈ చేత్తో రొక్కం. ఆర్థికశాస్త్రం పాఠాల్లో ఇంతకంటే సాఫీ అయిన బేరం ఉండదు. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ సమానంగా నిలబడతారు, ధర కుదిరితే ఇచ్చిపుచ్చుకుంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు.

మన మిర్చి, పత్తి, పసుపు యార్డులు అచ్చంగా ఈ రకం మార్కెట్లే. అక్కడ అమ్మేది కాగితం కాదు, బస్తా. అయినా తెలంగాణ యార్డుల్లో ఏళ్లుగా వినబడే మాట ఒకటుంది: 'నగదు కోత'. క్యాష్ కటింగ్ అని కూడా అంటారు. సరుకు కాంటా అయ్యాక రైతు డబ్బు అడిగితే అడ్తి దుకాణంలో ఎదురుప్రశ్న వస్తుంది: ఇప్పుడే కావాలా, పది పదిహేను రోజులు ఆగుతావా? ఇప్పుడే కావాలంటే నూటికి ఒకటిన్నరో రెండో తీసేసి మిగతాది ఇస్తారు. ఏ చట్టంలోనూ ఈ కోత లేదు. అధికారులు అప్పుడప్పుడు నిషేధమని ప్రకటిస్తారు, ధర్నాలు జరిగినప్పుడు కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత ఇంకో పేరుతో తక్‌పట్టీలో ప్రత్యక్షమవుతుంది. కొన్నిచోట్ల తక్‌పట్టీలో కూడా ఉండదు, నోటి లెక్కే.

ఈ కోతను యార్డులో జరిగే చిల్లర మోసాల్లో ఒకటిగా చూసి వదిలేయడం మాకు సరిగా అనిపించడం లేదు. దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

సరుకు తీసుకుని డబ్బు ఇవ్వనివాణ్ని ఏమంటాం? బాకీదారు అంటాం. మిర్చి బస్తాలు కాంటా దిగిన క్షణం నుంచి ఖరీదుదారు రైతుకు బాకీ. లోకంలో ఎక్కడైనా బాకీ ఉన్నవాడు వడ్డీ కడతాడు, అప్పు ఇచ్చినవాడు తీసుకుంటాడు. యార్డులో మాత్రం అప్పు ఇచ్చినవాడే వడ్డీ కట్టి తన డబ్బు తాను తెచ్చుకుంటాడు. ఎంత వడ్డీ? పదిహేను రోజుల గడువుకు నూటికి రెండు రూపాయలంటే నెలకు నాలుగు రూపాయలు. ఊళ్లో వడ్డీ వ్యాపారి రెండు రూపాయలకు ఇస్తాడు, మరీ గుంజేవాడు మూడు అంటాడు. ఏడాదికి లెక్కేస్తే నగదు కోత 48 శాతం వడ్డీ. ఏ బ్యాంకూ, ఏ సూక్ష్మరుణ సంస్థా బాహాటంగా అడగలేని రేటు ఇది. అదీ రైతు తీసుకున్న అప్పు మీద కాదు, రైతుకు రావలసిన డబ్బు మీద.

ఈ వడ్డీ అందరూ కట్టరు. ఆగగలిగినవాడు ఆగుతాడు. ఇరవై ఎకరాల ఆసామికి అడ్తిదారు చుట్టమో స్నేహితుడో అయి ఉంటాడు, పదిహేను రోజులు ఆగితే ఆయనకు పోయేదేమీ లేదు. డబ్బు అడ్తి కొట్లోనే ఉంచి దాని మీద వడ్డీ తీసుకునే పెద్ద రైతులూ ఉన్నారు. ఆగలేనిది ఎవరు? ట్రాలీ కిరాయి యార్డు గేటు దగ్గరే ఇవ్వాల్సినవాడు. కోత కూలీలు ఊళ్లో ఎదురుచూస్తున్నవాడు. కౌలు బాకీ కట్టకపోతే వచ్చే ఏడు ఆ చెక్క వేరేవాళ్లకు పోతుందని తెలిసినవాడు. ఆ వరుసలో నిలబడ్డ వాళ్లలో మన పల్లె నుంచి, మన మాదిగవాడ మాలవాడ నుంచి వచ్చినవాళ్లు ఎందరో యార్డు ఏ రికార్డులోనూ రాయదు. బస్తాకు బరువుంటుంది, తేమ ఉంటుంది, రంగు ఉంటుంది, కులం ఉండదు. అందుకే మార్కెట్‌కు కులం లేదని చెప్పడం తేలిక.

కులం యార్డు గేటు బయటే తన పని పూర్తి చేసుకుని వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సేద్యం మీద బతికే ఎస్సీల్లో దాదాపు 71 శాతం మంది వ్యవసాయ కూలీలే. 2015-16 వ్యవసాయ గణనలో ఎస్సీల కమతాలు మొత్తం కమతాల్లో 12 శాతం దగ్గర ఉంటే, వాటి కింద ఉన్న నేల 9 శాతం కూడా లేదు. దేశ సగటు కమతం 1.08 హెక్టార్లయితే ఎస్సీ రైతుది 0.78 హెక్టార్లు. కూలి చేసే కుటుంబం ఒక మెట్టు ఎక్కాలనుకున్నప్పుడు చేసే మొదటి పని అరెకరమో ఎకరమో కౌలుకు తీసుకోవడం. సొంత పట్టా లేదు కాబట్టి బ్యాంకు పంట రుణం ఇవ్వదు. విత్తనం, మందు, ఎరువు ఉద్దెరకు ఇచ్చేది పురుగుమందుల దుకాణం, చేబదులు ఇచ్చేది అడ్తిదారు. చాలాచోట్ల ఇద్దరూ ఒకరే. ఇచ్చేటప్పుడే ఒక మాట ఉంటుంది, ఎక్కడా రాయని మాట: పంట మా కొట్టుకే రావాలి.

ఇక స్వేచ్ఛగా కుదిరే బేరం ఎక్కడుంది? ధర పలికే రోజుకు ఎనిమిది నెలల ముందే అమ్మకం అయిపోయింది. యార్డులో జరిగేది దాని లెక్క తేల్చడమే.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఇది ఫలానా రైతుది కాదు, మేం అనుకుని వేసిన లెక్కే. అంకెలు మార్చి మీ ఊరి లెక్క మీరు వేసుకోవచ్చు. ఒక కౌలు కుటుంబం అరెకరంలో పది క్వింటాళ్ల మిర్చి పండించి యార్డుకు తెచ్చింది. క్వింటాల్ 12,000 పలికింది. మొత్తం 1,20,000. కమీషన్ నూటికి రెండు, అంటే 2,400. నగదు కోత ఇంకో 2,400. క్వింటాల్‌కు కిలో తరుగు, పది కిలోలకు 1,200. హమాలీ, కాంటా, దించుడు, ఎత్తుడు కలిపి 500. అంతా 6,500 పోయింది. పెట్టుబడికి తెచ్చిన 80,000 అసలు తిరిగి కట్టాలి. దాని మీద నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున ఎనిమిది నెలలకు 12,800. చేతిలో మిగిలింది 20,700. అరెకరం కౌలు 15,000 పోతే 5,700. కోత కూలి ఆ 80,000లోంచే ఇచ్చామనుకున్నా, భార్యాభర్తలు ఇద్దరు ఎనిమిది నెలలు చేలో ఉన్నందుకు దక్కింది అంతే. ధర క్వింటాల్‌కు ఆరొందలు తగ్గితే అదీ ఉండదు.

ఈ లెక్కలో నగదు కోత, తరుగు కలిపి 3,600. లక్షా ఇరవై వేలలో అది చిన్న మొత్తమే, వ్యాపారులు కూడా అలాగే అంటారు. చివరికి మిగిలిన 5,700 పక్కన పెట్టి చూస్తే అది ఎంత పెద్దదో తెలుస్తుంది.

ధర దగ్గర ఇంకో కిటుకు ఉంది. పత్రికల్లో మనం చదివేది జెండా పాట ధర. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన ఒక లాటుకు పలికిన ధర అది. రాత్రంతా బస్తాల మీద పడుకున్న రైతు తెల్లారి ఆ అంకె వింటాడు. తర్వాత ఖరీదుదారులు వరుసగా వచ్చి బస్తాలోంచి కాయ తీసి, విరిచి, వాసన చూసి, తాలు ఉందనో తేమ ఉందనో రంగు తగ్గిందనో చెప్పే ధర వేరు. జెండా పాటకు, సామాన్య ధరకు తేడా క్వింటాల్‌కు వేలల్లో ఉంటుంది. మచ్చు కోసం తీసిన కాయలు బస్తాలోకి తిరిగి పోవు, అదో తరుగు. గుంటూరు యార్డు ఆసియాలో పెద్దదని ఒకరు, వరంగల్ ఎనుమాముల రెండోదని ఇంకొకరు గర్వంగా చెప్పుకుంటారు. వైశాల్యానికేం కొదవ లేదు.

ధర పడిపోయిన ఏళ్లు ఎట్లా ఉంటాయో మనం చూశాం. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్లో మిర్చి రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. కేసులు పెట్టారు, పదిమంది రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. గొడవయ్యాక పోలీసుల మీద చర్యలు తీసుకున్నారు. అప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాల్‌కు 5,000 ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే పరిస్థితి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ మిర్చికి 11,781 అని ప్రకటించింది. అంతకు ముందు ఏడు 20,000 దాటిన సరుకు అది. ఈ ప్రకటనలు వచ్చేది సాధారణంగా పంట యార్డుకు రావడం మొదలయ్యాకే. అప్పటికి ఆగలేనివాడు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటాడు. ఆగగలిగినవాడి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. బస్తాలు అక్కడ పెట్టి, బాండు మీద అప్పు తెచ్చుకుని, ధర లేచేదాకా కూర్చోవచ్చు. ఆ సౌకర్యం ఎవరికీ నిషేధం కాదు, అద్దె కట్టగలిగిన ప్రతివాడికీ ఉంది. అప్పు తీర్చాల్సిన కొట్టు బస్తాలను అక్కడిదాకా పోనిచ్చినప్పుడు మాట అది.

గిడ్డంగి రసీదు మీద బ్యాంకు అప్పు తెచ్చుకునే వీలు కల్పించే చట్టం 2007లోనే వచ్చింది. కాగితం మీద మంచి చట్టమే. కౌలు రైతు సరుకు గిడ్డంగి దాకా చేరితే కదా రసీదు పుట్టేది.

ఇక్కడ ఈ-నామ్ సంగతి చెప్పాలి. దేశంలోని మార్కెట్లను ఒకే కంప్యూటర్ తెర మీదికి తెచ్చే ఈ పథకాన్ని ప్రధాని ప్రారంభించిన తేదీ 2016 ఏప్రిల్ 14. బాబాసాహెబ్ 125వ జయంతి. మొదటి విడతలో ఎనిమిది రాష్ట్రాల్లోని 21 మార్కెట్లు చేరాయి, తెలంగాణవీ వాటిలో ఉన్నాయి. ఇప్పుడు 1,500 పైచిలుకు మార్కెట్లు అందులో ఉన్నాయని చెబుతున్నారు. ఎక్కడి వ్యాపారైనా ఎక్కడి సరుకుకైనా ధర పెట్టవచ్చు, డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడుతుంది అన్నారు. ధర పెట్టడం వరకు చాలాచోట్ల తెర మీదికి వచ్చింది. ధర పెట్టేవాళ్లు మాత్రం ఎక్కువగా ఆ యార్డు వ్యాపారులే. కాంటా, లెక్క, చెల్లింపు దగ్గరికి వచ్చేసరికి పాత దారే. దానికి కారణం రైతుకు ఫోన్ వాడటం రాకపోవడం కాదు. డబ్బు నేరుగా ఖాతాలో పడితే పెట్టుబడి అప్పు కొట్లోనే పట్టుకోవడం కుదరదు. అప్పు, అమ్మకం ముడిపడి ఉన్నంతకాలం ఏ తెర పెట్టినా డబ్బు అడ్తి గద్దీ మీదుగానే నడుస్తుంది. జయంతి రోజున పథకం మొదలుపెట్టినవాళ్లు పంట రుణాన్ని కూడా కౌలు రైతు గుమ్మంలోకి తెచ్చి ఉంటే ఆ తేదీకి అర్థం ఉండేది.

ఈ స్పాట్ బేరంలోనే ఇంకో కథ పట్నంలో జరిగింది, పోల్చి చూడటానికి పనికొస్తుంది. నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్ అని ముంబైలో ఒకటుండేది. సరుకు ఇప్పుడే కొని, ఇరవై అయిదు రోజుల తర్వాత ఎక్కువ ధరకు తిరిగి అమ్మే జంట ఒప్పందాలు అందులో నడిచాయి. పేరుకు స్పాట్, నడిచింది వడ్డీ వ్యాపారం. అప్పటి చట్టం ప్రకారం 11 రోజుల్లో సరుకు, డబ్బు రెండూ చేతులు మారితేనే అది రొక్కపు బేరం. 2013 జూలై 31న అది కుప్పకూలింది. గోదాముల్లో ఉందన్న సరుకు చాలావరకు లేనే లేదని తేలింది. దాదాపు 13,000 మంది మదుపరుల డబ్బు, సుమారు 5,600 కోట్లు, ఇరుక్కుపోయింది. అరెస్టులు, ఆస్తుల జప్తులు, దర్యాప్తు సంస్థలు, సుప్రీంకోర్టు దాకా కేసులు. రెండేళ్లు దాటిన కొద్దికాలానికే సరుకు మార్కెట్ల నియంత్రణ సంస్థనే సెబీలో కలిపేశారు. మదుపరుల బాధను మేం తక్కువ చేయడం లేదు, వాళ్లలో చిన్నవాళ్లూ ఉన్నారు. మేం అడిగేది ఒక్కటే. ఇరవై అయిదు రోజుల ఆలస్యాన్ని, దాని మీద వడ్డీని దాచిపెట్టి 'స్పాట్' అని పేరు పెట్టడం ముంబైలో కుంభకోణం. మన యార్డుల్లో పదిహేను రోజుల ఆలస్యాన్ని, దాని మీద వడ్డీని 'ఆనవాయితీ' అంటారు. వ్యాపారి ఐపీ పెట్టి పోయినప్పుడు తక్‌పట్టీలు పట్టుకుని తిరిగే రైతుల కోసం ఏ దర్యాప్తు సంస్థ వచ్చింది?

2020 సాగు చట్టాలను మనం వ్యతిరేకించాం, సరిగ్గానే వ్యతిరేకించాం. అవి రైతును కార్పొరేట్ల ముందు ఒంటరిగా నిలబెట్టే చట్టాలు. వాటిలో ఒక నిబంధన మాత్రం గుర్తుంచుకోదగ్గది: అదే రోజు, కుదరకపోతే మూడు పనిదినాల లోపు డబ్బు ఇవ్వాలి, రసీదు అదే రోజు ఇవ్వాలి, తప్పితే జరిమానా. యార్డు బయటి వ్యాపారానికి అంత స్పష్టంగా రాయగలిగినవాళ్లు, యార్డు లోపల నగదు కోతను అంతే స్పష్టంగా నేరమని ఎందుకు రాయించలేకపోయారు? రైతు సంఘాలు కూడా ఈ డిమాండ్‌ను గట్టిగా పట్టుకోలేదు. వాటి నాయకత్వంలో కోత తగిలేవాళ్లు తక్కువ, ఆగగలిగేవాళ్లు ఎక్కువ. ఆ మాట మనం కాకపోతే ఎవరంటారు?

ప్రభుత్వమే కొనేచోట? ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో, పత్తి సంస్థ కేంద్రాల్లో నగదు కోత ఉండదు, డబ్బు ఖాతాలో పడుతుంది. అది నిజంగా మేలు. కానీ ఎవరి ఖాతాలో? పాస్‌బుక్ ఉన్నవాడి ఖాతాలో. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి భూ యజమాని సంతకం అడుగుతుంది. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది, సంతకం అడిగితే కౌలు పోతుందన్న భయం కౌలుదారుది. దళిత కౌలుదారు అగ్రకుల ఆసామి ఇంటి అరుగు దగ్గర నిలబడి సంతకం పెట్టండయ్యా అని అడగడం ఎంత తేలికో చట్టం రాసినవాళ్లు ఊహించి ఉండరు. తెలంగాణలో అంత కూడా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన కౌలుదారుల చట్టాన్ని పక్కన పడేశారు, రైతుబంధు డబ్బు కౌలుదారుకు ఇవ్వబోమని ఆనాటి ప్రభుత్వం బాహాటంగానే చెప్పింది. పత్తి సంస్థ తేమ 12 శాతం దాటితే తీసుకోదు, ఎనిమిది దాటిన ప్రతి శాతానికి ధర కోస్తుంది. ఆరబెట్టుకోవడానికి కళ్లం, వాకిలి ఉండాలి. వాడలో ఒంటిగది ఇంటి ముందు ఎంత పత్తి ఆరబోస్తారు? అందుకే కౌలుదారు పత్తి ఊళ్లోనే చిల్లర కాంటాకు పోతుంది. తర్వాత అదే పత్తి ఎవరి పాస్‌బుక్ మీద మద్దతు ధరకు కేంద్రానికి చేరుతుందో ఊళ్లో అడిగితే చిన్నపిల్లలూ చెబుతారు.

కూలీల మాట చెప్పకపోతే ఈ లెక్క సగమే. కర్నూలు పశ్చిమ మండలాలు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు మిర్చి కోతలకు గుంటూరు సీమకు వలస వస్తాయి. దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు. పిల్లల చదువులు ఆ నెలల్లో ఆగిపోతాయి. వాళ్లు అమ్మే సరుకు శ్రమ, అది ఎప్పుడూ రొక్కపు బేరమే: పొద్దున చేలో దిగగానే సరుకు అప్పజెప్పినట్టే, వెనక్కి తీసుకోవడం కుదరదు. డబ్బు మాత్రం కోత అయ్యాకో, రైతు యార్డు నుంచి తిరిగొచ్చాకో. యార్డులో కోత పడితే అది పొలం దాకా పాకుతుంది. కౌలు రైతుకు ఆలస్యమైన ప్రతి రోజూ కూలి తల్లికి కూడా ఆలస్యమే, ఆమెకు కోతకు ప్రతికోత వేసే గద్దీ లేదు. యార్డు లోపల కింద రాలిన కాయలు ఊడ్చి చెరిగే చాట కూలీలు, ఘాటుకు దగ్గుతూ బస్తాలు మోసే హమాలీలు, వీళ్లలో మనవాళ్లు ఎందరో వేరే చెప్పాలా.

యార్డులో మనవాళ్లు పైన కూడా ఉన్నారని చెప్పేవాళ్లున్నారు. నిజమే. తెలంగాణ 2015లో మార్కెట్ కమిటీ చైర్మన్ పదవుల్లో రిజర్వేషన్ పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019లో సగం పదవులు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు అంది. మంచి నిర్ణయాలు, వాటి కోసం కొట్లాడినవాళ్లున్నారు. అయితే చైర్మన్ కుర్చీ ధర నిర్ణయించదు, అప్పు ఇవ్వదు, తక్‌పట్టీ రాయదు. ఆ పని చేసేది లైసెన్సు ఉన్న అడ్తి కొట్టు. వరుసగా కొట్ల బోర్డులు చదువుకుంటూ పోండి, ఇంటిపేర్లు, కులపేర్లు మీకే కథ చెబుతాయి. ఈ మార్కెట్ల వ్యవస్థకు మూలమైన 1966 చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేది మార్కెట్ కమిటీయే. కుర్చీలో రిజర్వేషన్ ఇచ్చినవాళ్లు కొట్టు దగ్గర ఎందుకు ఆగారు?

అంబేద్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' రాసినప్పుడు వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమగా చేసి, భూమిని కులభేదం లేకుండా ఊరివాళ్లకు కౌలుకు ఇవ్వాలని, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే తేడాలే ఉండకూడదని ప్రతిపాదించారు. పెట్టుబడి కూడా ప్రభుత్వమే సమకూర్చాలన్నారు. ఆ రెండో సగాన్ని మనం తక్కువగా గుర్తుచేసుకుంటాం. భూమి వచ్చినా పెట్టుబడి అడ్తి కొట్టు నుంచే వస్తే పంట ఆ కొట్టుకే పోతుందని ఆయనకు తెలుసు. కొంకణ్‌లో ఖోతీల కింద నలిగిన రైతుల కోసం 1937లో బొంబాయి శాసనసభలో బిల్లు పెట్టిన మనిషి ఆయన.

అంత దూరం చట్టం వెళ్లేదాకా ఆగనక్కర్లేదు. ఈ సీజన్‌లోనే విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగిన పని ఉంది. మీ జిల్లా మార్కెట్ కమిటీకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. కమీషన్ ఏజెంట్ లైసెన్సులు మొత్తం ఎన్ని, అందులో ఎస్సీ, ఎస్టీల పేరున ఎన్ని, ఎస్సీ మహిళల పేరున ఎన్ని? యార్డులో ప్లాట్లు, దుకాణాలు ఎవరికి, ఏ ప్రాతిపదికన కేటాయించారు? గత మూడేళ్లలో నగదు కోత మీద, తరుగు మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి? ఈ-నామ్‌లో నమోదైన అమ్మకాల్లో ఎన్నింటికి డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడింది? జవాబులు వచ్చేలోపు వాడలోకి వెళ్లి తక్‌పట్టీలు అడిగి తీసుకోండి. చాలామంది వాటిని దేవుడి పటం వెనకో బియ్యం డబ్బాలోనో దాచుకుంటారు. ఫొటో తీసి, పేరు చెరిపి, ఒక్కో చీటీలో ఎన్ని రకాల కోతలున్నాయో వరుసగా రాయండి. కొన్నింటికి పేరు కూడా ఉండదు, పక్కన ఒక గీత గీసి అంకె మాత్రం వేసి ఉంటుంది. ముందు ఆ అంకె దేనికో అడగాలి.